అక్క రక్తానికి ఫ్యాటు ఎంత

ఆరేళ్ళుగా రెండో శనివారం నాది కాదు. మా బడికి సెలవిచ్చే ఆ ఒక్క శనివారం తోటి టీచర్లు తలకు పోసుకుని, బట్టలు ఉతుక్కుని, మధ్యాహ్నం ఒక కునుకు తీస్తారు. నేను మాత్రం పొద్దున ఆరింటికే కుప్పం బస్టాండులో నిలబడి ఉంటాను. వి.కోట, పలమనేరు, ఆ తరువాత పుంగనూరు. అక్కడ అక్క ఎక్కుతుంది. ఇద్దరం కలిసి మదనపల్లె. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. ఈ దారిలో ఏ మలుపు దగ్గర నా నడుము పట్టేస్తుందో కూడా నాకు తెలుసు. మొదట్లో కిటికీ పక్క సీటు కోసం తువ్వాలు వేసేదాన్ని. ఇప్పుడు కూర్చునే చోటు దొరికితే చాలు.

అక్క గుండెలో ఒక లోహపు కవాటం ఉంది. చిన్నప్పుడు కీళ్ళు వాచి ఒక జ్వరం వస్తే, పిల్లలకు రాని జ్వరమా అని ఇంట్లో వదిలేశారు. ఆ జ్వరం పోతూ పోతూ గుండెలో తలుపులాగా మూసుకుని తెరుచుకునే కవాటాన్ని పాడుచేసి పోయిందట. యాభై రెండో ఏట పాలక్యాను దించి గడపలో కూలబడేదాకా ఎవరికీ తెలియలేదు. కుప్పంలో రైలెక్కించి బెంగళూరు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు ఆమె పక్కన పడుకుంటే ఛాతీలోంచి టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. "లోపల గడియారం పెట్టించుకోనుండా" అని పక్కింటి వాళ్ళ దగ్గర గొప్పలు పోయేది.

డిశ్చార్జి రోజు డాక్టరు నన్ను పక్కకు పిలిచి చాలాసేపు చెప్పాడు. రక్తం లోహానికి తగిలితే దాని మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. ఆ గడ్డ కవాటాన్నే పట్టేయవచ్చు, లేదా ముక్క ఊడి మెదడుకు పోయి కాలూ చెయ్యీ పడిపోవచ్చు. అలా జరగకుండా రోజూ ఒక మాత్ర, బతికినంత కాలం. మాత్ర తక్కువైతే గడ్డ కడుతుంది. ఎక్కువైతే చిన్న దెబ్బకు కూడా నెత్తురు ఆగదు, ఒక్కోసారి దెబ్బ లేకుండానే లోపల కారుతుంది. మందు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి నెలనెలా రక్తపరీక్ష. ఐఎన్ఆర్ అని ఒక నంబరు వస్తుంది. అక్కకు అది రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. నేను అంతా నోటుబుక్కులో రాసుకున్నాను. టీచరును కదా, రాసుకుంటే అయిపోయినట్టే అనుకుంటాను.

అక్క మూడో తరగతితో బడి మానేసింది. అయినా నంబర్లలో ఆమెను ఎవరూ మోసం చెయ్యలేరు. చౌడేపల్లె పక్క పల్లెలో బావా తనూ నాలుగు సీమావులను మేపుతారు. పొద్దునా సాయంత్రం పాల సెంటరులో పాలు పోస్తే మిషను ఒక చీటీ ఇస్తుంది, దాని మీద ఫ్యాటు. మూడున్నర, మూడు ఎనిమిది, మేత బాగున్న రోజుల్లో నాలుగు. ఎనుము పాలకైతే, అంటే గేదె పాలకైతే, ఆరు దాటుతుంది. నంబరు ఎక్కువ వస్తే పాలు చిక్కన, ఆమె తల పైకి. తక్కువ వస్తే, నీళ్ళు కలిపారేమో అని సెంటరులో ఎవరైనా చూసే చూపు ఆమెకు చావుతో సమానం. పాలల్లో చుక్క నీళ్ళు కలపని మనిషి మా అక్క.

ఆపరేషన్ తరువాత మొదటి పరీక్ష మదనపల్లెలో చేయించాం. చీటీలో రెండు పాయింటు ఎనిమిది అని ఉంది. బస్టాండుకు వచ్చాక అక్క ఆ చీటీని వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇది ఏంది పాపా?" అంది. నాకు యాభై ఏళ్ళు వచ్చినా నేను ఆమెకు పాపనే.

నాలుగు గంటల కుప్పం బస్సు అప్పుడే ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. అది పోతే మళ్ళీ అయిదున్నరకే. ఇంట్లో పిండి రుబ్బాలి, సోమవారానికి పాఠం రాయాలి, కాళ్ళు లాగేస్తున్నాయి.

"నీ పాల చీటీ మాదిరే అక్కా. పాలకు ఫ్యాటు చూస్తారు కదా, అట్లనే రక్తానికి. మూడు దగ్గర ఉంటే మంచిది" అన్నాను.

అక్క ఏదో అనబోయింది. నేను సంచి భుజాన వేసుకున్నాను. ఆమె తలూపి, తన చౌడేపల్లె బస్సు కోసం నిలబడింది. నేను బస్సెక్కాను.

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, స్టాఫ్‌రూములో రెండు మూడుసార్లు చెప్పుకున్నాను. చదువురాని మనిషికి ఎంత కష్టమైన సంగతైనా ఇట్లా వాళ్ళ బతుకులోంచి చెప్తే ఇట్టే అర్థమవుతుందని తోటి టీచర్లకు పాఠం కూడా చెప్పాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అయిదేళ్ళు ఏ ఇబ్బందీ రాలేదు. రెండు ఆరు, మూడు, మూడు ఒకటి. నేను పోలేని నెలల్లో ఫోను చేసి చెప్పేది. "మూడు రెండు వచ్చె పాపా. నల్లావు కంటే నేనే మేలు" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఇద్దరం వేరే వేరే వాటికి నవ్వుతున్నామని అప్పుడు తెలియదు.

పోయిన ఏడు వానలకు కథ మారింది. అక్క మింగేది రక్తం పలచన చేసే మాత్ర అని పల్లెలో ఎవరో అన్నారు. మందుల షాపులో అనే మాటే అది, నేనూ అన్న మాటే. కానీ పలచన అనేది మా వైపు మంచి మాట కాదు. పలచన పాలను సెంటరు వెనక్కి పంపిస్తుంది. పలచనైపోయిన మనిషిని పెళ్ళిలో ఎవరూ పలకరించరు. రక్తం పలచనైతే ఇంకేముంది, మనిషి నిలబడేది ఎట్లా అని అక్క మనసులో పడింది. ఆ నెల ఆమెకు కాస్త ఆయాసం కూడా వచ్చింది. మాత్ర మానేస్తే ప్రాణానికి ముప్పని నేను చెప్పి ఉన్నాను కాబట్టి మానలేదు. బదులుగా రక్తాన్ని చిక్కన చేసుకునే పని పెట్టుకుంది. వానలకు గట్ల మీద గురుగాకు, దొడ్లో మునగాకు, మడిలో తోటకూర. పొద్దున పప్పులో ఆకు, మధ్యాహ్నం వేపుడు, రాత్రి పులుసు. ఆవులకు పచ్చిమేత వేస్తే ఫ్యాటు పెరిగినట్టు తనకూ పెరుగుతుందని.

ఆకుకూరల్లో గడ్డ కట్టడానికి పనికొచ్చే విటమిన్ ఒకటి ఉంటుంది. ఈ మాత్ర పనిచేసేది దానికి ఎదురుగానే. ఆకులు మానక్కర్లేదు, రోజూ ఒకే కొలతలో తినాలి, అంతే. ఆ సంగతి నా నోటుబుక్కులో ఉంది. నంబరు ఒకటి పాయింటు ఆరుకు పడిపోయింది. అక్క లెక్కలో అది నీళ్ళపాలు. ఇంకా ఆకు తినింది. తరువాతి నెల ఒకటి పాయింటు నాలుగు.

మదనపల్లె డాక్టరు కళ్ళజోడు తీసి, "మాత్ర మరిచిపోతున్నారా అమ్మా?" అని అడిగాడు. అక్క లేదని తల అడ్డంగా ఊపింది. "తిండిలో ఏమైనా మార్పు ఉందా? ఆకుకూరలు ఎక్కువ తింటున్నారా?" అన్నాడు. అక్క నోరు తెరిచే లోపల నేనే, "మామూలే సార్, ఎప్పటి మాదిరే" అన్నాను. నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పాను. బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు, టైము మూడు దాటింది. ఆమె బదులు నేను మాట్లాడడం ఎప్పటి నుంచో అలవాటైపోయింది.

డాక్టరు మాత్ర డోసు పెంచాడు. బస్టాండు దాకా నేను అక్కను తిడుతూనే ఉన్నాను. "మాత్ర ఎగ్గొడితే గడ్డ కట్టి పోతావు, నా బాధ ఎవరికి చెప్పుకునేది" అని. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "మింగుతానే ఉండా పాపా" అంది, అంతే. పెంచిన డోసు మీద, ఆకుల మీద, నంబరు మళ్ళీ మూడు దగ్గరికి వచ్చింది. నేను తిట్టినందుకే దారికొచ్చిందనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. గట్లు ఎండిపోయాయి, తోటకూర మడి మాడిపోయింది, మునగచెట్టు ఆకు రాల్చింది. తినడానికి ఆకు లేదు, డోసు మాత్రం పెంచిందే నడుస్తోంది. దానికి తోడు జ్వరం తగిలి పల్లెలో ఎవరో ఇచ్చిన మాత్రలు అయిదు రోజులు మింగింది. కొన్ని జ్వరం మందులు కూడా ఈ నంబరును పైకి తోస్తాయని నాకు తరువాత తెలిసింది. అప్పుడు నేను పదో తరగతి పేపర్లు దిద్దే పనిలో ఉన్నాను. రెండు నెలలు పోలేకపోయాను. అక్క ఒక్కతే పుంగనూరులో రక్తం ఇచ్చి, చీటీ తీసుకుని ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం ఫోను చేసింది. గొంతులో హుషారు. "బాగుండాది పాపా. ఇంత మంచిగా ఎప్పుడూ రాలా."

నా ముందు పేపర్ల కట్ట. "సరే అక్కా. మాత్ర మానద్దు" అన్నాను. ఎంత వచ్చిందని అడగలేదు.

ఎనిమిదో రోజు నేను క్లాసులో ఉండగా బావ ఫోను. ఆయన ఎప్పుడూ నాకు ఫోను చేసే మనిషి కాదు. "మీ యక్కను దూడ తలతో గుద్దె మా. తొడ నల్లగా వాచిపోయిండాది. రెండు దినాల నుంచి పండ్ల చిగుర్లలో నెత్తురు వస్తాండాదంట, చెప్పనే లేదు" అన్నాడు. వెంటనే మదనపల్లెకు తీసుకుపొమ్మని చెప్పి బయలుదేరాను. పలమనేరులో బస్సు ఆగినప్పుడు మళ్ళీ ఫోను చేసి, పుంగనూరు చీటీ ఎక్కడుందో వెతికి చదవమన్నాను. ఆయన దాన్ని వెతకనక్కర్లేకపోయింది. అక్క దాన్ని పాల చీటీల తీగకు అన్నిటికంటే పైన గుచ్చిందట, బయలుదేరేటప్పుడు ఆయన జేబులో వేసుకున్నాడట.

"ఆరు పాయింటు ఎనిమిది మా" అన్నాడు.

బస్సు కదిలింది. పుంగనూరు దాకా ఒకటే లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. దూడ గుద్దిన దెబ్బ తొడ మీద కాకుండా, పడేటప్పుడు ఆమె తల రాయికి తగిలి ఉంటే. దేవుడా, తలకు మాత్రం తగలకుండా చూడు అని ఎన్నిసార్లు అనుకున్నానో.

తలకు తగల్లేదు. స్కానింగులో ఏమీ లేదు. తొడ మాత్రం వంకాయ రంగుకు తిరిగి, ముట్టుకుంటే అరిచేట్టు ఉంది. మాత్ర ఆపేశారు. నంబరు దించడానికి ఆ ఆకుల విటమినే మందుగా కొద్ది కొద్దిగా ఇచ్చారు. ఎక్కువ ఇస్తే ఈసారి కవాటం మీద గడ్డ కడుతుందట. పూటపూటకూ రక్తం తీసి చూస్తున్నారు. ఇటు పోతే నెత్తురు, అటు పోతే గడ్డ. ఆ నాలుగు రోజులూ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని నేను ఎంత అలిసిపోయానంటే, ఏడుపు కూడా సగంలో ఆగిపోయేది.

మూడో రోజుకు అక్క దిండుకు ఆనుకుని కూర్చుంది. ప్రాణానికి భయం లేదని తెలియగానే నాకు కోపం వచ్చింది. అది నా గుణం.

"ఆరు దాటినాక డాక్టరుకు యాల చూపించలా నువ్వు?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "మంచిదే కదా అని. ఎనుము పాలకు వచ్చినట్ల వచ్చిండాది, సంతోషపడితి. నువ్వే కదా పాపా చెప్తివి, పాల చీటీ మాదిరే అని."

పక్క మంచానికి మందులిస్తున్న నర్సు చెయ్యి ఆపి మా వైపు తిరిగింది. మెడలో సన్నని శిలువ గొలుసు వేసుకున్న పెద్దావిడ, అక్కడే పుట్టి పెరిగిన మనిషి, రిటైర్మెంటుకు దగ్గరగా ఉంది. ఆరేళ్ళ చీటీలన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చాయి. తక్కువ వచ్చినప్పుడల్లా ఆకు, ఎక్కువ వచ్చినప్పుడు సంతోషం.

నర్సు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "చిక్కన పలచన లెక్క కాదమ్మా ఇది. మాత్ర మింగినంత మాత్రాన రక్తం నీళ్ళయిపోదు. ఎప్పుడూ ఉండే మాదిరే ఉంటాది. గడ్డ కట్టేదానికి ఎంత సేపు పడతాదో, ఆ సేపును ఈ నంబరు చెప్తాది. మామూలు మనిషికి ఒకటి. నీకు ఆ సేపు మూడింతలు కావల్ల, అందుకే మాత్ర. నీకు ఏడింతల దగ్గరికి పోయిండాది. ఇంక నెత్తురు ఆగేది ఎట్లా?"

అక్క దుప్పటి అంచు మడుస్తూ విప్పుతూ కొంతసేపు ఆలోచించింది. ఆవు చూలిదా కాదా అని చూసేటప్పుడు అదే మొహం పెడుతుంది.

"అంటే ఇది ఫ్యాటు కాదు" అంది. "తోడు. తోడు సరిగ్గా వేస్తే పెరుగు టైముకు తోడుకుంటాది, తక్కువ వేస్తే ఆలస్యం. నా ఒంట్లో తోడు తగ్గించేదానికి మాత్ర ఇస్తాండారు. నేనేమో వానల్లో ఆకు తిని తోడు పోస్తి. ఎండల్లో తోడే లేకపోయె. అట్లనే కదమ్మా?"

నర్సు నవ్వింది. "అట్లనే. ఇన్నేండ్ల సర్వీసులో నాకు ఈ మాట తట్టలేదు సూడు" అంది.

నాకూ తట్టలేదు. రెండు డిగ్రీలు చదివి, ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్తూ, పాలు పిండే మా అక్కకు పాల సంగతే తప్పుగా చెప్పాను. నర్సు వెళ్ళాక అదే మాట అక్కతో అన్నాను. తప్పు నాదేనక్కా అని. ఆమె నా చెయ్యి పట్టుకుంది. పాలు పిండి పిండి కాయలు కాసిన చెయ్యి.

"నాకు అప్పుడే అనుమానం వచ్చె పాపా. గడ్డ కట్టకుండా ఇచ్చే మాత్రకు ఫ్యాటు చూసేది ఏంది అని. అడగల్లనే అనుకుంటి. నువ్వు గడియారం సూసుకుంటాంటివి. నాలుగు గంటల బస్సుకు. సరేలే, యాడాడి నుంచో వచ్చి అలిసిపోయుండాది పాప, ఇంక దాన్ని యాల ఇసిగించేది అని అడగలా."

ఆమె దాన్ని నేరంగా చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నేను నీళ్ళు తెస్తానని సీసా తీసుకుని వరండాలోకి వచ్చి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. సీసా నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

అక్క ఇంటికి పోయింది. తొడ మామూలు కావడానికి రెండు నెలలు పట్టింది. మాత్ర మళ్ళీ మొదలైంది, డోసు తగ్గించి. ఇప్పుడు ఆకు కొలత ప్రకారం తింటుంది, వారానికి రెండుసార్లు, గుప్పెడు, వానైనా ఎండైనా. జ్వరానికో నొప్పికో ఎవరైనా మాత్ర ఇస్తే, ఫలానా మాత్ర మింగుతున్నానని ముందే చెప్పి, డాక్టరుకు ఫోను చేసి అడిగి మింగుతుంది. దూడలను బావే విప్పుతాడు. నల్లమచ్చ కనిపించినా, చిగుళ్ళలో నెత్తురు కనిపించినా, నాకు ఫోను. నేను నంబరు అడగకుండా ఫోను పెట్టను.

నా అలసట మాత్రం ఎక్కడికీ పోలేదు. అది అబద్ధం ఎందుకు చెప్పాలి. పోయిన రెండో శనివారం కూడా ఆ మలుపు దగ్గర నడుము పట్టేసింది. మందుల షాపులో నిలబడి నిలబడి కాళ్ళు వాచాయి. నంబరు రెండు పాయింటు తొమ్మిది వచ్చింది. బస్టాండుకు చేరేసరికి నాలుగుకు పది నిమిషాలు. అక్కను చౌడేపల్లె బస్సెక్కించి నేను కుప్పం బస్సెక్కాలి.

"పాపా, ఒక పొద్దు మాత్ర మరిస్తే మర్సటి పొద్దు రెండు మింగచ్చా?" అంది అక్క. అని, వెంటనే నా చేతి గడియారం వైపు చూసి, "సర్లే, మళ్ళా ఫోన్లో అడుగుతాలే. నీ బస్సు వచ్చిండాది సూడు" అంది.

నిజంగానే వచ్చింది. కండక్టరు కుప్పం కుప్పమని అరుస్తున్నాడు. నేను సంచి బెంచీ మీద పెట్టి కూర్చున్నాను. రెండు మింగకూడదని, ఆ రోజే గుర్తొస్తే అప్పుడు ఒకటి మింగాలని, మరుసటి రోజు గుర్తొస్తే పోయింది పోయినట్టే వదిలి చీటీలో రాసుకుని డాక్టరుకు చెప్పాలని మెల్లగా చెప్పాను. ఆమె చేత తిరిగి చెప్పించాను. తరువాత, "ఇంకా ఏమి అడగల్ల అక్కా?" అన్నాను.

ఆమె కొంచెం సందేహించింది. తరువాత మొదలుపెట్టింది. పన్ను పీకించుకోవాలంటే ఏమి చెయ్యాలి. ఉపవాసం ఉండచ్చా. మోకాలికి పల్లెలో సూది వేయించుకోవచ్చా. గుండెలోని గడియారం ఒక్కోసారి ఆగినట్టు అనిపిస్తుంది, నిజంగా ఆగితే తనకు తెలుస్తుందా. ఒకదాని వెనక ఒకటి, ఆరేళ్ళుగా దాచిపెట్టుకున్నవి. నాకు తెలిసినవి చెప్పాను. తెలియనివి నోటుబుక్కులో రాసుకున్నాను, వచ్చే నెల డాక్టరును ఆమె చేతే అడిగించాలని.

నాలుగు గంటల బస్సు వెళ్ళిపోయింది. అయిదున్నరది కూడా.